అచ్చుకెక్కని మూడు పేజీలతో అడవి అంచు సంఘానికి

నా పుస్తకాన్ని ఎవరో చదివారని తెలిసినప్పుడు మొదట కలిగింది సంతోషమే. అది దాచుకోను. ఖమ్మంలో ఒక బైబిలు పాఠశాలలో ఇరవై రెండేళ్ళు సంఘ చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఆరేళ్ళ కిందట ఒక చిన్న పుస్తకం వేశాను. క్రీస్తు తర్వాత మొదటి మూడు నాలుగు వందల ఏళ్ళలో క్రైస్తవ సంఘాలు తమను తాము నడుపుకోవడానికి రాసుకున్న నియమాలను ఏరి, ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. బాప్తిస్మం ఎలాంటి నీళ్ళలో ఇవ్వాలి, వారంలో ఏ రోజులు ఉపవాసం ఉండాలి, ఊరూరా తిరిగే బోధకుణ్ణి ఎన్నాళ్ళు ఇంట్లో ఉండనివ్వాలి, తప్పు చేసినవాళ్ళను సంఘం ఏం చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. విద్యార్థులు పరీక్షకు ముందు రోజు కొన్నారు, పరీక్ష మర్నాడు మరిచిపోయారు. మిగిలిన కట్టలు మా అటక మీద ఎలుకల పాలయ్యాయి. అలాంటిది, భద్రాచలం దారిలో ఒక అడవి పల్లె నుంచి పాస్టరు ఫోన్ చేసి, మీ పుస్తకం ప్రకారమే మా సంఘం నడుస్తున్నదయ్యగారూ అంటే, ఎవరికైనా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ఆ వెంటనే ఆయన అడిగిన మాటకు ఆ రెండంగుళాలూ తగ్గాయి. "అయ్యగారూ, నలభై ఎనిమిదో పేజీల, తప్పు చేసినోళ్లను గడప అవతల కూసోబెట్టాలె అని ఉంది. ఎన్నొద్దులు కూసోబెట్టాల్నో ఏడ దొరకలే. ఒకామెను కూసోబెట్టినం. పద్నాలుగు నెలలైంది."

దొరకదు. ఎందుకు దొరకదో ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. ప్రెస్సువాళ్ళు పదహారు పేజీలను ఒక ఫారం అంటారు. మూడు ఫారాలంటే నలభై ఎనిమిది పేజీలు. నా రాత యాభై ఒకటికి వచ్చింది. నాలుగో ఫారం వేస్తే పదమూడు పేజీలు తెల్లగా వదలాలి, లేదా మూడు పేజీలు కొయ్యాలి. కోశాను. చివర్లో ఉన్నాయి కాబట్టి తేలిగ్గా తెగాయి. బయట ఉంచినవాళ్ళను మళ్ళీ ఎలా చేర్చుకోవాలో చెప్పే పేజీలు అవి. మనసు మార్చుకున్నవాళ్ళకు తప్పును బట్టి కొన్ని వారాలు ఉపవాసం పెట్టాలనీ, ఆ తర్వాత సంఘపెద్ద తానే బయటికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావాలనీ వాటి సారాంశం. శిక్ష మీద పరీక్షలో ప్రశ్న వస్తుంది గానీ క్షమాపణ మీద రాదులే అనుకున్నాను ఆ రోజు.

ఆ సంగతి ఫోన్లోనే చెప్పేస్తే రెండు నిమిషాల పని. చెప్పలేదు. నేనే స్వయంగా వస్తాను, వచ్చే నెల మొదటి ఆదివారం, రొట్టె రసం పంచే బల్ల ఆరాధన రోజున అందరి ముందూ చదువుతాను అన్నాను. పుస్తకం రాసినవాడు స్వయంగా వచ్చాడని పదిమంది చెప్పుకోవాలనే సరదా ఎక్కడికి పోతుంది. ఆ సరదా కోసం ఆమెను ఇంకో మూడు వారాలు గడప బయటే ఉంచానన్నమాట.

అటు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి చెబుతాను. ఖమ్మం బస్టాండులో తెల్లవారుజామున అయిదు నలభైకి కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వైరాలో అయిదు నిమిషాలు ఆగుతుంది, టీ తాగడానికి సరిపోతుంది. తల్లాడ, ఏన్కూరు దాటి జూలూరుపాడు చేరేసరికి ఏడున్నర. టికెట్టు వంద లోపే. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఆదివారమైనా బస్సు కిటకిటలాడుతూనే ఉంటుంది. సీటు కావాలంటే బయలుదేరే చోటే ఎక్కాలి. మార్చి మొదటి రోజులు. ఏన్కూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మిరప కల్లాలు. కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. జూలూరుపాడు సెంటర్లో నలభై రూపాయలకు నాలుగు పూరీలు తిన్నాను. నూనె రెండు రోజుల నాటిది. ఆకలి ఇవాళ్టిది కాబట్టి తినేశాను.

అక్కడి నుంచి పల్లెకు పద్నాలుగు కిలోమీటర్లు. ఊరి పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. తొమ్మిది కిలోమీటర్లు తారు, మిగతాది ఫారెస్టువాళ్ళ మట్టి రోడ్డు, మధ్యలో ఒక వాగు. బస్సు లేదు. ఖాజా అనే నలభై ఏళ్ళ ఆటో ఆయనతో మాట్లాడుకున్నాను. రానూ పోనూ, మధ్యాహ్నం దాకా ఆగడానికీ కలిపి అయిదు వందలు. చర్చికని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"ఇయ్యాల మొదటి ఐతారం గద సార్. భోజనం ఉంటది. రాహేలమ్మ వండుతది. మీరు తిని జూడాలె."

"నీకెలా తెలుసు?"

"కిరాయి ఉన్నప్పుడల్లా వస్త. మీవోళ్లు లోపట పాడుకుంటరు, నేను బయట చెట్టు కింద కూసుంట. ఆమె గూడ బయటనే ఉంటది. ముందుగాల నాకే పెడతది."

"ఆమె బయట ఎందుకుంటుంది?" తెలిసే అడిగాను.

"ఏందో పుస్తకంల ఉందట సార్." వాగులోకి దింపుతూ గేరు మార్చాడు. "గట్ల కూసోబెట్టాలె అని ఎవరో రాసిండట. చెప్పుల కాడ కూసుంటది పాపం. వంటకైతే ఆమెనే కావాలె."

ఆ ఎవరో నీ వెనక సీట్లోనే కూర్చున్నాడని నేను చెప్పలేదు. వాగులో నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నాయి. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, అందులో టైపు చేసి తెచ్చిన మూడు కాగితాలు తడవకుండా చూసుకున్నాను.

తొమ్మిదింబావుకు చేరాం. చర్చి అంటే రేకుల షెడ్డు, నీలం రంగు తలుపు, ముందు ఊడ్చి కళ్ళాపి చల్లిన వాకిలి. పాస్టరు దావీదు ముప్పై అయిదేళ్ళవాడు, అదే ఊరివాడు, నెమ్మదస్థుడు. వందనాలయ్యగారూ అంటూ రెండు చేతులూ పట్టుకుని, తన గదిలో కూర్చోబెట్టాడు. సంఘపెద్ద యాకోబయ్యకు డెబ్భై ఉంటాయి. కళ్ళజోడుకు ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. నా పుస్తకాన్ని పాలిథీన్ కవరులో పెట్టి, విడిపోయిన అట్టను సూదీదారంతో కుట్టించి దాచుకున్నాడు. నా సొంత ప్రతిని కూడా నేనంత భద్రంగా చూసుకోలేదు.

వాళ్ళు చెబుతుంటే సిగ్గేసింది. బుధ, శుక్రవారాల్లో ఊరంతా ఉపవాసమట. బాప్తిస్మం పారే నీళ్ళలో అయితే మేలు, లేకపోతే వేరే నీళ్ళయినా పరవాలేదని పుస్తకంలో ఉంటే, వీళ్ళు మేలైనదే పట్టుకున్నారు. వేసవిలో వాగు ఆగిపోతే వానల దాకా ఎదురుచూస్తారట. నేను ఇరవై రెండేళ్ళు ఈ నియమాలు బోధించాను గానీ ఒక్క బుధవారమైనా టిఫిను మానలేదు.

"పుస్తకం ప్రకారమైతే మీరు రెండొద్దులు ఉండొచ్చయ్యగారూ," అన్నాడు దావీదు నవ్వుతూ. "మూడో రోజు కూడ ఉంటే దొంగ బోధకుడని రాసిన్రు మీరే."

"సాయంత్రమే పోతాను," అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ రోజు నేను నవ్వింది అప్పుడొక్కసారే.

పదిన్నరకు ఆరాధన మొదలైంది. చాపల మీద మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ దావీదు నాకు వేశాడు. పేదవాడు వస్తే సంఘాధ్యక్షుడు తన చోటు ఇచ్చి తాను నేల మీద కూర్చోవాలని పుస్తకంలో ఉంది. నేను పేదవాణ్ణి కాను, అయినా కూర్చున్నాను. కుర్చీలోంచి చూస్తే తలుపు అవతల చెప్పుల వరుస, దాని పక్కన గోనెసంచి పరుచుకుని యాభై ఏళ్ళావిడ. ముఖం లోపలికే ఉంది. అందరికంటే ముందు ఆమెకే పాటల చరణాలు నోటికి వచ్చినట్టున్నాయి, పెదవులు కదులుతూనే ఉన్నాయి. లేచి వెనకవైపు పొయ్యి చూసి వస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది.

ఆమె చేసిన తప్పేమిటో దావీదు ముందే చెప్పాడు. అన్న ఇంట్లో, కొత్త పంట తినే ముందు చేసే కొత్తల పండుగకు వెళ్ళి, వేల్పు ముందు కోసిన కోడికూర తిన్నది. విగ్రహాలకు పెట్టింది తినకూడదన్న నియమం పాత సంఘాల్లో గట్టిగా ఉండేది. ఆమె తిన్నట్టు ఎవరూ చూడలేదు. మరుసటి ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ తనే లేచి చెప్పుకుంది.

నా వంతు వచ్చింది. నిలబడి మూడు పేజీలూ చదివాను. గొంతు బాగానే పలికింది, పాఠం చెప్పి చెప్పి అలవాటైన గొంతు కదా. చదవడం అయ్యాక యాకోబయ్య చెయ్యెత్తాడు.

"అయ్యగారూ, తప్పుగ అనుకోవద్దు. గిది అచ్చు కాదు గద. అచ్చుల లేని మాట ఎట్ల నమ్మాలె?"

"అచ్చులో ఉన్నదీ నేను రాసిందే పెద్దాయనా. ఇదీ నేను రాసిందే."

"మరి అప్పుడెందుకు పెట్టలే?"

షెడ్డు నిండా జనం. అబద్ధం చెప్పడానికి వీలున్న చోటు కాదు. "కాగితంలో చోటు సరిపోలేదు," అన్నాను. ఫారం సంగతి కూడా చెప్పాను. చెబుతున్నకొద్దీ ఎంత చిన్న సంగతో నాకే తెలిసొచ్చింది. ఎవరూ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. యాకోబయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఉపవాసం ఎన్ని వారాలని అడిగాడు.

దాని మీద ఇరవై నిమిషాలు నడిచింది. తిండి విషయంలో తప్పు కాబట్టి మూడు వారాలని ఒకరు, వేల్పు దగ్గరి తప్పు కాబట్టి ఏడని ఒకరు. ఆ వారాలు ఇవాళ్టి నుంచి లెక్కపెట్టాలా, గడిచిన పద్నాలుగు నెలల్లో కలిసిపోయినట్టేనా అని ఇంకో తర్జనభర్జన. గడప అవతల ఆమె అన్నీ వింటూనే ఉంది. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. చివరికి దావీదే, కలిసిపోయినయి, ఇగ చాలు అని తేల్చాడు. యాకోబయ్య కూర్చున్న చోటి నుంచే గొంతు పెంచాడు.

"రాహేలమ్మా, లోపటికి రా. శిక్ష అయిపోయింది."

పెద్ద బయటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తేవాలని అరగంట కిందటే నా నోటితో నేను చదివాను. యాకోబయ్య లేవలేదు. దావీదు బల్ల మీద రొట్టె సర్దుతున్నాడు. కుర్చీలో ఉన్న నేనూ లేవలేదు. అతిథిని, నాకెందుకులే అనుకున్నాను. రాహేలమ్మ ఒక క్షణం అందరినీ చూసింది.

"అన్నం వార్చాలె," అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. సిగ్గుపడిందని లోపల ఎవరో అన్నారు. రొట్టె పంచారు. నేనూ తీసుకున్నాను.

ఆరాధన అయ్యాక వెనకవైపుకు వెళ్ళాను. మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగ, పక్కన కోడికూర. ఖాజా అప్పటికే విస్తరి ముందు కూర్చున్నాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీరేనా రాసినాయన?"

"నేనేనమ్మా. తప్పు నాదే. ఆ మూడు పేజీలు..."

"ఇన్న. ఈడికి మంచిగనే ఇనబడ్డది."

"మరి పిలిస్తే లోపలికి ఎందుకు రాలేదు?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నేను బాప్తిస్మం తీసుకున్న సంది మా అన్న నాతోని మాట్లాడలే. పదేండ్లు. ఆ పండుగ రోజు నా వాకిట్లకొచ్చి, చెయ్యి పట్టుకొని, రాయే చెల్లె అన్నడు. పోయిన. పెట్టింది తిన్న. తప్పే. నేనే చెప్పుకున్న. ఈళ్లు పద్నాలుగు నెలల సంది నా చేతి అన్నం తింటున్నరు. ఆ గడపకు గొళ్లెం లేదు. ఒక్కలన్న బయటికొచ్చి రావే అనలే. ఇయ్యాల కాగితం జూసి లోపట్నుంచి కేకేస్తున్నరు. మా అన్నకు ఏ కాగితం చెప్పింది?"

ఆమె నా చేతిలో విస్తరి పెట్టి, అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మీ పుస్తకంల, వెలేసినామె వండింది తినొచ్చు అని రాసి ఉందా అయ్యగారూ?"

తినకూడదనే ఉంది. నలభై ఏడో పేజీలో. నాకు తెలుసు, చెప్పలేదు. ఆమె కూర వేసింది, తిన్నాను. కూర చాలా బాగుంది. ఇది రాయడానికి నాకే అసహ్యంగా ఉంది గానీ, బాగుంది.

మూడింటికి బయలుదేరాం. వాగు దాటాక, "లోపటికి పోలే గద సార్," అన్నాడు ఖాజా. లేదన్నాను. "పోదు," అన్నాడాయన. నాలుగు పదికి జూలూరుపాడులో ఖమ్మం బస్సు దొరికింది, ఆరు దాటాక ఇల్లు చేరాను. ఆ రాత్రి ఈ ప్రయాణం గురించి రాద్దామని కూర్చుని, నెల దాటితే రాహేలమ్మ మెత్తబడి లోపలికి వస్తుందేమోనని, కాగితాలు చదవడం విన్నాక సంఘం మారిందని మీకు చెప్పుకోవచ్చని, ఆపాను.

పది రోజులకు దావీదు ఫోన్ చేశాడు. గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. "అయ్యగారూ, మీరిచ్చిన కాగితం పెద్దలు మల్ల కూసోని చదివిన్రు. మనసు మార్చుకున్నోళ్లనే చేర్చుకోవాలె అని ఉంది గద. పిలిస్తే రాలే గనక ఆమె మనసు మారలేదని తేల్చిన్రు. ఇగ గడప కాడ కూడ వద్దన్నరు. వంట వేరేటోళ్లకు అప్పజెప్పినం. వెలేసినోళ్లది తినొద్దని నలభై ఏడుల ఉంది, మేమే ఇన్నొద్దులు చూస్కోలే."

అలా కాదయ్యా అన్నాను. గట్టిగానే అన్నాను. పెద్ద బయటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తేవాలని ఉంది కదా, అది చేయకుండా ఆమె రాలేదని ఎలా అంటారు అన్నాను.

"ఆ మాట నేనూ అన్న అయ్యగారూ. యాకోబయ్య ఏమన్నడంటే, లేవాల్నంటే రాసినాయన లేవకపోవునా, ఆయన కూసున్నడు గద, అంటే గట్ల లేవనక్కర లేదన్నట్టే గద, అన్నడు."

యాకోబయ్య నా పుస్తకాన్ని ఎంత శ్రద్ధగా చదివాడో నన్నూ అంత శ్రద్ధగానే చదివాడు. ఆ తర్వాత వారం దావీదుకు నేనే రెండుసార్లు ఫోన్ చేశాను. రాహేలమ్మ ఆదివారాలు ఇప్పుడు అన్న ఊరికి పోతోందట. పాటలు మాత్రం ఇంట్లో పాడుకుంటుందని చెప్పాడు.

పదిహేడు వందల ఏళ్ళ కిందట ఆ నియమాలు రాసుకున్నవాళ్ళు మూర్ఖులు కారు. గడప అవతల ఒకరిని కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో వాళ్ళకు తెలుసు. అందుకే ఆ వాక్యం వెనకే తిరిగి తీసుకురావడం గురించి అంత పొడుగ్గా రాసుకున్నారు. ఆ పొడుగే నాకు అడ్డమైంది. నాలాంటివాళ్ళం గ్రంథాలు చదివి చదివి, మనుషులకు వాటిలోంచి ఒక ముక్క తెంచి ఇస్తాం. చదువుకున్నవాడు ఆ ముక్కను మరిచిపోతాడు, నమ్మినవాడు దాని ప్రకారం బతుకుతాడు. వాళ్ళను ఛాందసులు అని నవ్వడం తేలిక, నేనూ చాలా ఏళ్ళు క్లాసులో నవ్వాను. ఆ పల్లెలో నిజంగా ఛాందసుడు ఎవరంటే, చోటు చాలలేదని క్షమాపణను కోసేసి, మళ్ళీ దాన్ని చదివి వినిపించి, కుర్చీలోనే కూర్చుండిపోయినవాడు. ఇంకెవరి మీదా నాకు కోపం లేదు. ఉన్న కోపమంతా ఒకడికే సరిపోయింది.

ఇలాంటి సంఘాలకు బోధించడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఆరాధన పదిన్నరకు మొదలవుతుంది, ఆటో ముందే మాట్లాడుకుంటే తొమ్మిదింబావుకల్లా చేరిపోతారు. మధ్యలో గంటకు పైగా చేతిలో ఉంటుంది. ఆ గంట పాస్టరు గదిలో కూర్చోకండి. వెనకవైపు పొయ్యి దగ్గరికి వెళ్ళి, అక్కడున్న మనిషితో మాట్లాడండి. నాకూ ఆ గంట దొరికింది. పెద్దలు అటు వెళ్ళగానే పెన్ను తీసి, మూడు పేజీల్లో అక్షరదోషాలు దిద్దుకుంటూ కూర్చున్నాను.